ఏ పద్దులోనూ ఎక్కని నష్టం

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నన్ను ‘నీ వృత్తి అనుభవం నుంచి అందరికీ పనికొచ్చేది ఒకటి చెప్పు’ అన్నారు. ఇంజనీరుగా ముప్పై ఏళ్లకు పైగా పని చేశాను కాబట్టి బాయిలర్ల గురించో, పంపుల గురించో మాట్లాడతాననుకుని ఉంటారు. మొదట పంపు గురించే చెబుతాను. అక్కడి నుంచి నేను చేసిన ఒక తప్పు దగ్గరికి వస్తాను. ఆ తప్పుకు ఈ బడికి సంబంధం ఉంది. అందుకే దాన్ని ఈ వేదిక మీద చెప్పాలనుకున్నాను.

కర్మాగారంలో ఒక పంపు ఆగిపోతే మేము రెండు లెక్కలు రాస్తాం. ఒకటి మరమ్మతు ఖర్చు: బేరింగు, సీలు, మెకానిక్ కూలి. రెండోది, పంపు ఆగి ఉన్నన్ని గంటలూ ఆగిపోయిన ఉత్పత్తి. పది వేల రూపాయల బేరింగు పోయినందుకు పది లక్షల ఉత్పత్తి పోయిన రోజులు నేను చూశాను. అందుకే రెండో లెక్క రాయకుండా రిపోర్టు పంపితే పై అధికారి దాన్ని వెనక్కి తిప్పి పంపుతాడు.

మనిషి ఆగిపోతే మాత్రం మనం ఒక్క లెక్కే రాస్తాం. ఆసుపత్రికి ఎంతైంది? పలకరించడానికి వచ్చిన ప్రతి చుట్టమూ అడిగే ప్రశ్న అదే. ప్రభుత్వాలు ఆదుకునేదీ ఎక్కువగా ఆ ఖర్చులోనే. మంచం పట్టిన మనిషి తేలేకపోయిన జీతం, అతని పక్కన కూర్చోవడానికి పని మానేసిన భార్య కూలి, చదువు ఆపిన పిల్లవాడి భవిష్యత్తు ఏ పద్దులోనూ ఎక్కవు. ఈ రోజు నేను మాట్లాడేది ఆ రెండో లెక్క గురించి. ఉదాహరణగా తీసుకున్న జబ్బు ఊపిరితిత్తుల క్యాన్సర్. దాన్నే ఎందుకు తీసుకున్నానో ముందుకు పోతే మీకే తెలుస్తుంది.

మనది పొగాకు సీమ. మన బడికి వచ్చే దారిలో బ్యారన్లు ఉండేవి. సీజనులో పచ్చాకు కాలే వాసన తరగతి గదుల్లోకి వచ్చేది. మనలో చాలామంది ఫీజులు పొగాకు అమ్మిన డబ్బుతోనే కట్టారు, మా నాన్న కూడా అలాగే కట్టాడు. కాబట్టి నేను పొగాకు రైతును తిట్టడానికి రాలేదు. అయితే ఆ పంట తెచ్చిన డబ్బు లెక్క మనందరికీ తెలుసు. ఎగుమతి ఎంత, వేలంలో కిలో ఎంత పలికింది అన్నది పేపర్లో వస్తుంది. దానికి అవతలి వైపు లెక్క ఒకటి ఉంది. 2017-18 సంవత్సరానికి మన దేశంలో 35 ఏళ్లు దాటినవాళ్లలో పొగాకు వల్ల వచ్చిన జబ్బులన్నిటి ఆర్థిక భారం దాదాపు 1 లక్షా 77 వేల కోట్ల రూపాయలని పరిశోధకులు అంచనా వేశారు. అది దేశ స్థూల ఉత్పత్తిలో 1 శాతం. ఆ మొత్తంలో వైద్యానికి అయింది అయిదో వంతుకు కాస్త ఎక్కువ. మిగిలిన నాలుగింట మూడు వంతులకు పైగా భారం పోయిన పనిదినాలది, అకాల మరణాలది. అంటే బేరింగు ఖర్చు తక్కువ, ఆగిపోయిన ఉత్పత్తి ఎక్కువ. మనుషుల విషయంలోనూ లెక్క అలాగే తేలింది.

ప్రపంచంలో క్యాన్సర్ మరణాల్లో మొదటి స్థానం ఊపిరితిత్తుల క్యాన్సర్‌ది. 2020లో ఒక్క ఏడాదిలో దాదాపు 18 లక్షల మంది దీనితో పోయారు. మన దేశంలో ఆ ఏడాది 70 వేల మందికి పైగా కొత్తగా దీని బారిన పడ్డారు. చాలామందికి ఇది ముదిరిన తర్వాతే బయటపడుతుంది. దగ్గు, బరువు తగ్గడం, ఎక్స్‌రేలో మచ్చ కనపడితే మన దగ్గర ముందు టీబీ అనుకుని మందులు మొదలుపెట్టడం పరిపాటి. అలా విలువైన నెలలు పోతాయి. పైగా ఇది మన దేశంలో ఎంతోమందికి ఇంకా సంపాదిస్తున్న వయసులోనే వస్తోంది.

సిగరెట్టు, బీడీ, చుట్ట దీనికి పెద్ద కారణమని 1950 నుంచీ శాస్త్రం చెబుతూనే ఉంది. అదొక్కటే కారణం కాదన్నది కూడా శాస్త్రమే చెబుతోంది. ఆస్‌బెస్టాస్, రాతి ధూళిలోని సిలికా, డీజిల్ పొగ కూడా ఊపిరితిత్తుల క్యాన్సర్ తెస్తాయని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నిర్ధారించింది. 2017లో ఆ సంస్థ వెల్డింగ్ పొగను కూడా అదే జాబితాలో చేర్చింది. సరిగ్గా ఆ ఏడాదే నా దగ్గర పని చేసే ఒక వెల్డర్‌కు ఈ జబ్బు బయటపడింది.

అతని పేరు చెప్పను. అతని భార్యను, కొడుకును అడిగి, వాళ్లు సరేనన్నాకే ఈ సంగతి చెబుతున్నాను. నేను అప్పుడు ఒక కర్మాగారంలో మెయింటెనెన్స్ విభాగానికి అధిపతిని. అతను అక్కడ చేరిన రోజు కాగితాలు చూస్తుంటే చదువు గడిలో మన బడి పేరు కనిపించింది. పక్కన ‘తొమ్మిదో తరగతి వరకు’ అని ఉంది. నాకంటే రెండేళ్లు చిన్న. నేను పదిలో ఉండగా అతను ఎనిమిదిలో ఉన్నాడు. ‘ఎందుకు మానేశావయ్యా’ అని అడిగాను. ‘మా నాయనకి ఊపిరితిత్తులు చెడిపోయినయ్ సార్, టీబీ అన్నారు. బ్యారన్‌లో పని చేసేవాడు. ఆయన మంచాన పడితే ఆ సీజనులో నేను పనిలోకి పోయినా. ఒక్క సీజనే అనుకున్నా’ అన్నాడు. ఆ ఒక్క సీజను అయ్యాక మళ్లీ బడికి రాలేదు. ఆ తర్వాత వెల్డింగ్ నేర్చుకుని ఊళ్లు తిరిగాడు. గేటు లోపల నన్ను ‘సార్’ అనేవాడు. గేటు దాటితే ‘అన్నా’ అనేవాడు.

పన్నెండేళ్లు మా దగ్గర చేశాడు. చెయ్యి తిరిగిన పనివాడు. పైపు కింద వెల్లకిలా పడుకుని, అద్దంలో చూసుకుంటూ వేసిన అతుకు కూడా పరీక్షలో నిలబడేది. బీడీ తాగేవాడు, అది నిజం. మా వెల్డింగ్ షెడ్డులో పొగ లాగే ఫ్యాన్లు ఏడాదిలో సగం రోజులు పని చేసేవి కావు, అదీ నిజమే. వాటి బాగోగులు చూడవలసింది నా విభాగమే. జబ్బు దేనివల్ల వచ్చిందో నేను తేల్చలేను. కానీ జబ్బు సంగతి తెలిసిన రోజు మా ఆఫీసులో అందరూ అన్న మాట ఒక్కటే: ‘బీడీలు మానరా అంటే విన్నాడా’. ఆ మాటతో కర్మాగారం బాధ్యత గురించి ఇక ఎవరమూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

అప్పటికి అతనికి 47 ఏళ్లు, నెల జీతం 18 వేలు. ఈఎస్‌ఐ డాక్టరు సర్టిఫికెట్‌తో ఆరు వారాలు సెలవులో ఉన్నాడు. ఒక రోజు ఆఫీసుకు వచ్చాడు. మెట్లెక్కి వచ్చి, ఆయాసం తగ్గేదాకా తలుపు దగ్గరే నిలబడ్డాడు. ‘సార్, ఇంక షెడ్డులో చెయ్యలేను. టూల్ రూమ్‌లో కూర్చోబెట్టండి. పనిముట్లు ఇచ్చి పుచ్చుకోవటమే గదా, రాసుకుంటాను’ అన్నాడు. టూల్ రూమ్‌లో అప్పటికే ఒక మనిషి ఉన్నాడు. అతన్ని వేరే చోటికి మార్చాలంటే ఒక నోటు రాయాలి, ఇద్దరు అధికారులతో మాట్లాడాలి. చేయదలిస్తే వారం పని. నేను ‘చూద్దాం’ అన్నాను.

ఆ సాయంత్రం పర్సనల్ విభాగంలోని మిత్రుడితో మాట్లాడాను. ఈఎస్‌ఐ చట్టం 73వ సెక్షన్ ప్రకారం జబ్బు భృతి తీసుకుంటున్న మనిషిని ఉద్యోగంలోంచి తీసెయ్యకూడదన్నది అప్పటి నిబంధన. ‘మనం తీసెయ్యలేం. తనంతట తాను రాజీనామా ఇస్తే ఏ గొడవా లేదు. గ్రాట్యుటీ, సెలవుల డబ్బు వెంటనే ఇచ్చేద్దాం, పీఎఫ్ కూడా తీసుకోవచ్చు. వాడికిప్పుడు డబ్బే గదా కావాల్సింది’ అన్నాడు. నాకూ సబబుగానే తోచింది. నేనే అతని ఇంటికి వెళ్లాను. టీ తాగాను. రాజీనామా కాగితం నేనే రాసి ఇచ్చాను, అతను సంతకం పెట్టాడు. వారంలో గ్రాట్యుటీ ఇప్పించాను. రెండు నెలల్లో పీఎఫ్ వచ్చేదాకా నేనే వెంటపడ్డాను. అంతా కలిపి చేతికి 4 లక్షల చిల్లర వచ్చింది. ఒక మనిషికి మేలు చేశానని తృప్తిగా ఇంటికి పోయాను. మూడు వారాల్లో కాంట్రాక్టు మీద ఇంకో వెల్డర్‌ను తెచ్చుకున్నాం. ఆ నెల రిపోర్టులో ‘మ్యాన్‌పవర్ సమస్య లేదు’ అని రాశాను.

పద్నాలుగు నెలల తర్వాత, 2018 ఆగస్టులో అతను పోయాడు.

ఆ తర్వాత రెండేళ్లకు అతని భార్య పెన్షన్ కాగితాల కోసం కర్మాగారానికి వచ్చింది. సర్వీసు సర్టిఫికెట్ ఇస్తూ గుమాస్తా మాటల్లో అనేశాడట: ‘ఉద్యోగంలో ఉండగా పోయుంటే ఇన్సూరెన్సు కూడా వచ్చేదమ్మా’ అని. ఆమె నా గదికి వచ్చి కూర్చుంది. అరవలేదు, ఏడవలేదు. ‘సార్, ఆ కాగితం మీద మా ఆయన సంతకం పెట్టకపోతే ఎంత వచ్చేదండీ?’ అని అడిగింది.

నాకు జవాబు తెలియదు. తెలియదన్న మాట కూడా పైకి అనలేకపోయాను. ఆ రాత్రి ఇంట్లో కూర్చుని లెక్క కట్టాను. మన లెక్కల మాస్టారు గుర్తొచ్చారు. బోర్డు మీద జ్యామితి లెక్క వేసేటప్పుడు ఆయన ఎప్పుడూ ‘ముందు దత్తాంశం రాయరా, అది రాయకుండా పరిగెత్తకు’ అనేవారు. నేను రాజీనామా కాగితం రాసిన రోజు దత్తాంశమే రాయలేదు. ఆ రాత్రి రాసింది మీ ముందు పెడతాను.

మొదట, ఉద్యోగంలో ఉండి ఉంటే వచ్చేవి. పీఎఫ్ ఉన్న ప్రతి ఉద్యోగికీ ఈడీఎల్‌ఐ అనే బీమా ఉంటుంది. దానికి ఉద్యోగి జీతంలోంచి ఒక్క రూపాయి కోయరు, యజమానే కడతాడు. ఉద్యోగి సర్వీసులో ఉండగా చనిపోతే కుటుంబానికి ఆ డబ్బు వస్తుంది. అప్పట్లో గరిష్ఠ పరిమితి 6 లక్షలు, 2021లో దాన్ని 7 లక్షలు చేశారు. అతని జీతానికి, అతని పీఎఫ్ నిల్వకు లెక్క కడితే ఇంచుమించు ఆ 6 లక్షలూ వచ్చేవి. నేను రాసిన కాగితంతో అది పోయింది.

రెండోది ఈఎస్‌ఐ భృతి. జబ్బు చేస్తే ఏడాదికి 91 రోజుల దాకా జీతంలో 70 శాతం ఇస్తారన్నది చాలామందికి తెలుసు. దీర్ఘకాలిక జబ్బులు 34 ఉన్నాయి, వాటిలో క్యాన్సర్ ఒకటి. రెండేళ్ల సర్వీసు ఉండి, చందాలు సరిగా కట్టి ఉంటే ఆ జబ్బులకు 91 రోజుల తర్వాత కూడా జీతంలో 80 శాతం చొప్పున రెండేళ్ల దాకా భృతి ఇస్తారన్నది ఎక్కువమందికి తెలియదు. నాకూ తెలియదు. అతనికి ఆ పద్నాలుగు నెలలకు సుమారు 2 లక్షలు వచ్చేది. ఉద్యోగం పోయింది కాబట్టి ఈఎస్‌ఐ కార్డూ పోయినట్టేనని వాళ్లు అనుకున్నారు. ఒకసారి ఆ ఆఫీసులో అడిగి చూడండని చెప్పిన మనిషి లేడు. నేనూ చెప్పలేదు.

మూడోది, చేతికి వచ్చిన 4 లక్షలు. అది నేను చేసిన మేలు కాదు. గ్రాట్యుటీ అతను పన్నెండేళ్లలో సంపాదించుకున్న హక్కు. పీఎఫ్ అతని సొమ్మే. వైద్యం కోసం కావాలంటే రాజీనామా ఇవ్వకుండానే పీఎఫ్ నుంచి అడ్వాన్సు తీసుకునే వీలుంది. క్యాన్సర్‌కు దానికి ఇన్నేళ్ల సర్వీసు ఉండాలన్న నిబంధన కూడా అప్పట్లో లేదు.

ఇక ఇంటి వైపు లెక్క. ఆమె ఒక నోటుపుస్తకంలో అన్నీ రాసుకుంది. ఆరోగ్యశ్రీలో వైద్యం జరిగింది కాబట్టి ఆసుపత్రికి కట్టింది తక్కువ. ప్రయాణాలు, బయట చేయించిన పరీక్షలు, పట్నంలో గది అద్దె, తిండి అన్నీ కలిపి 1 లక్షా 60 వేలు. చుట్టాలకు తెలిసిన ఖర్చు ఇదే. ఆ పద్నాలుగు నెలల్లో అతని జీతం 2 లక్షల 52 వేలు రాలేదు. ఆమె బట్టలు కుట్టి నెలకు 6 వేలు సంపాదించేది. అతని పక్కన ఉండాల్సి వచ్చి మిషను మూలన పెట్టింది. అది 84 వేలు. బంగారం పెట్టి లక్షన్నర అప్పు తెచ్చారు, నూటికి రెండు రూపాయల వడ్డీ. అది నెలకు 3 వేల చొప్పున 42 వేలు. అంటే బయటికి కనపడిన ఖర్చు 1 లక్షా 60 వేలైతే, ఏ పద్దులోనూ ఎక్కని నష్టం 3 లక్షల 78 వేలు. రెట్టింపుకు పైనే. ఇది అతను బతికి ఉన్నప్పటి లెక్క. 58 ఏళ్లకు రిటైరయ్యేదాకా అతను తెచ్చి ఉండే జీతం, ఒక్క రూపాయి పెరగదనుకున్నా, ఇంకో 21 లక్షల 24 వేలు.

ఇందులో ఇంకొక అంకె ఉంది. దాన్ని నేను కట్టలేకపోయాను. వాళ్ల అబ్బాయి పాలిటెక్నిక్ రెండో సంవత్సరంలో ఉండగా తండ్రిని ఆసుపత్రికి తిప్పే మనిషి లేక కాలేజీ మానేశాడు. సెల్‌ఫోన్ల షాపులో చేరాడు. ‘ఒక్క ఏడాదే అంకుల్’ అన్నాడట పక్కింటాయనతో. తొమ్మిదో తరగతిలో వాళ్ల నాన్న ‘ఒక్క సీజనే’ అనుకున్నట్టే. తాత ఊపిరితిత్తులు చెడితే తండ్రి బడి మానేశాడు. తండ్రి ఊపిరితిత్తులు చెడితే కొడుకు కాలేజీ మానేశాడు. ఆస్తి తరం నుంచి తరానికి వస్తుందని మనకు తెలుసు. ఆగిపోయిన జీతం కూడా అలాగే దిగి వస్తుందని నాకు ఆ రాత్రి అర్థమైంది.

ఆ తర్వాత ఈ విషయం మీద కొంత చదివాను. జబ్బు వల్ల పోయిన పని విలువను ఎలా లెక్కించాలన్నదాని మీద ఆర్థికవేత్తల్లో పాత తగవు ఒకటి ఉంది. ఒక పద్ధతిలో మనిషి పని చేయలేకపోయిన కాలమంతటికీ జీతం లెక్క వేస్తారు. అమెరికాలో డొరొతీ రైస్ 1960లలో జబ్బుల ఖర్చును ఈ తీరున కట్టి చూపించారు. దీన్ని మానవ మూలధన పద్ధతి అంటారు. 1990లలో నెదర్లాండ్స్ ఆర్థికవేత్తలు దీనికి ఎదురు చెప్పారు. ఒక పనివాడు పోతే కొన్నాళ్లకు ఇంకొకణ్ణి పెట్టుకుంటారు గదా, కాబట్టి ఆ కొత్త మనిషి వచ్చి పని అందుకునేదాకా జరిగిన నష్టాన్నే లెక్కలోకి తీసుకోవాలన్నారు. రెంటిలో ఏది సరైనదో తేల్చే చదువు నాకు లేదు. కానీ ఆ రెండు పద్ధతులనూ ఒకే మనిషి విషయంలో కళ్లారా చూశాను. నా రిపోర్టులో ఆ వెల్డర్ ఖరీదు మూడు వారాలు. ఆ ఇంట్లో అతని ఖరీదు పదకొండేళ్లు. మూడు వారాల లెక్క పట్టుకున్నవాడు పదకొండేళ్ల లెక్క ఉన్నవాళ్ల ఇంటికి పోయి టీ తాగి, రాజీనామా రాయించుకుని వచ్చాడు.

చట్టాల్లోనూ ఈ ఖాళీ కనిపిస్తుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ఏడు నుంచి ఇరవై ఒకటికి పెంచడం మంచి మార్పే. అయితే ఆ ఇరవై ఒకటిలో ఊపిరితిత్తుల వైకల్యం లేదు, క్యాన్సర్ లేదు. ఊపిరితిత్తిలో ఒక భాగం తీసేసిన మనిషి పది మెట్లెక్కలేకపోవచ్చు, బస్తా ఎత్తలేకపోవచ్చు, కానీ ఆ ఒక్క కారణం మీద అతనికి సర్టిఫికెట్ రాదు. ఆస్‌బెస్టాస్ పని వల్ల వచ్చిన ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను పరిహార చట్టం వృత్తి వ్యాధిగా ఒప్పుకుంటుంది. కానీ జబ్బు పని వల్లే వచ్చిందని చూపించాలంటే ఏ ఏళ్లలో ఎక్కడ పని చేశాడో కాగితాలు కావాలి. ఇరవై ఏళ్లు ఊరూరా కాంట్రాక్టర్ల దగ్గర పని చేసిన మనిషి ఆ కాగితాలు ఎక్కడి నుంచి తెస్తాడు?

మంచి ప్రయత్నాలు లేకపోలేదు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక పేదవాడికి క్యాన్సర్ ఆపరేషన్ అందుబాటులోకి వచ్చింది, అది మామూలు సంగతి కాదు. 2019 చివర్లో ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్య ఆసరా వచ్చింది. ఆపరేషన్ తర్వాత విశ్రాంతి కాలానికి రోజుకు 225 రూపాయలు, నెలకు 5 వేలకు మించకుండా ఇచ్చేవారు. మొత్తం చిన్నదే. అయినా ఆసుపత్రి బిల్లు ఒక్కటే ఖర్చు కాదని, పోయిన కూలి కూడా ఖర్చేనని ప్రభుత్వం ఒప్పుకున్న సందర్భంగా నేను దాన్ని చూస్తాను.

వైద్యమూ మారింది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో కొన్ని రకాలకు ఇప్పుడు మాత్రలు ఉన్నాయి. వాటితో కొందరు ఏళ్ల తరబడి నిలకడగా ఉండి పనులు చేసుకుంటున్నారు. అంటే జబ్బు వచ్చిన మనిషిని ‘అయిపోయింది’ అని లెక్క మూసేసే రోజులు పోయాయి. అతనికి కావలసింది తేలిక పని, సెలవు దొరికే వెసులుబాటు, వెనక్కి వస్తే ఖాళీగా ఉంచిన ఒక కుర్చీ. ఆ వెల్డర్ నన్ను అడిగింది అంతే. టూల్ రూమ్‌లో ఒక కుర్చీ. దాని ఖరీదు ఒక నోటు కాగితం.

నేను ఏం దిద్దుకున్నానో కూడా చెప్పాలి. పొగ లాగే ఫ్యాన్లు ఆగితే షెడ్డులో వెల్డింగ్ ఆపాలని రూలు పెట్టాను. అది మొదటి రోజు నుంచీ పెట్టవలసిన రూలు. జబ్బు సెలవులో ఉన్న మనిషి రాజీనామా నా బల్ల మీదికి వస్తే, అతనికి రావలసినవన్నీ ఒక కాగితం మీద రాసి, ఇంట్లోవాళ్లను పిలిచి చదివి వినిపించేదాకా దాన్ని ముందుకు పంపలేదు. అలా చదివి వినిపించాక ఇద్దరు రాజీనామా వెనక్కి తీసుకున్నారు. ఆ అబ్బాయి దగ్గరికి వెళ్లి, డిప్లొమా పూర్తి చెయ్యి, ఫీజు నేను కడతానన్నాను. ‘ఇప్పుడు కాదు సార్. వడ్డీ నడుస్తోంది, చెల్లికి పెళ్లి చెయ్యాలి’ అన్నాడు. మర్యాదగానే చెప్పాడు. నేను ఆలస్యంగా వెళ్లానని అతనికి తెలుసు, నాకూ తెలుసు.

ఈ సంఘానికి యాభై ఏళ్లు నిండాయి. మనం ప్రహరీ గోడ కట్టాం, కంప్యూటర్లు ఇచ్చాం, తాగునీటి ప్లాంటు పెట్టాం. అన్నీ మంచివే. ఇప్పుడు మూడు మనవులు చేస్తాను.

మనలో చాలామంది ఎవరికో ఒకరికి యజమానులు. ఫ్యాక్టరీ కానక్కర లేదు. రైసుమిల్లు, ఆసుపత్రి, షాపు, స్కూలు ఏదైనా సరే. పని చేయలేని స్థితిలో ఉన్న మనిషి చేత రాజీనామా మీద సంతకం పెట్టించేముందు ఒక్క రోజు ఆగండి. అతనికి ఏవి పోతాయో, ఏవి ఉంటాయో కాగితం మీద రాసి చూడండి.

రెండోది, మనలో పీఎఫ్ ఆఫీసులో, ఈఎస్‌ఐలో, బ్యాంకుల్లో, లేబర్ కోర్టుల్లో పని చేసినవాళ్లు, చేస్తున్నవాళ్లు ఉన్నారు. వాళ్లలో అయిదారుగురు ముందుకొస్తే ఈ ఊళ్లో, చుట్టుపక్కల ఊళ్లలో మంచం పట్టిన మనిషి ఇంటికి వెళ్లి ‘మీకు ఇవి వస్తాయి, ఈ తేదీలోపు ఈ ఫారం పెట్టండి’ అని చెప్పే చిన్న బృందం పెట్టుకోవచ్చు. దీనికి పెద్ద నిధి అక్కర లేదు. తెలిసిన విషయాన్ని తెలియని ఇంటికి తీసుకుపోతే చాలు. నా పేరు మొదట రాసుకోండి.

మూడోది ఇక్కడ కూర్చున్న ఉపాధ్యాయులకు. సార్, మేడమ్, ఒక ఇంట్లో సంపాదించే మనిషి పడిపోయిన సంగతి ప్రభుత్వం కంటే, చుట్టాల కంటే ముందు మీ హాజరు పట్టీకి తెలుస్తుంది. వరసగా వచ్చే పిల్లవాడు వారానికి రెండు రోజులు రావడం మానేస్తాడు. ‘ఈ ఒక్క సీజనే’ అంటాడు. ఆ మాట వినపడిన రోజే మాలో ఒకరికి ఫోను చెయ్యండి. ఆ ఇంటికి ఆ నాలుగైదు నెలలు దాటడానికి ఎంత కావాలో అంత సర్దుదాం. 1984లో ఈ బడి నుంచి ఒక తొమ్మిదో తరగతి పిల్లవాడు అలాగే వెళ్లిపోయాడు. ఆ రోజు ఎవరో ఒకరు ఆ ఇంటికి వెళ్లి ఉంటే, బహుశా అతను ఇవాళ మీ మధ్య ఒక కుర్చీలో కూర్చుని, నా ఉపన్యాసం ఇంకా ఎంతసేపురా అని పక్కవాణ్ణి అడుగుతూ ఉండేవాడు.

ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు తర్వాత నేనే వెళ్లి చెప్పాను. ‘అమ్మా, బీమా 6 లక్షలు, భృతి 2 లక్షలు, మొత్తం 8 లక్షలు. ఆ కాగితం రాసింది నేనే’ అన్నాను. ఆమె నోటుపుస్తకం తెరిచి ఆ అంకె రాసుకుంది. ‘పోనీలెండి సార్, ఇంకొకరికి చెప్పండి’ అంది.

ఆ మాట మీదనే ఈ రోజు మీ ముందు నిలబడ్డాను.